గూడున్న చెట్టు, హద్దురాళ్లు పాతిన చేను

పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత అటవీ రేంజి అధికారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు గద్దల గురించే. ఒకటి వనపర్తి నుంచి, ఒకటి నల్లగొండ నుంచి, ఒకటి జడ్చర్ల మండలం నుంచి. రాసినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా వరుసగా చదివితే ఒకే ఇంటివాళ్లు మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, చోటంతా ఈ మూడింటికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అమెరికా జాతీయ పక్షిని ఒక పత్రికలో ‘బట్టతల గద్ద’ అని రాశారు. బొమ్మలో మాత్రం దాని తల నిండా ఈకలు ఉన్నాయి. మా ఊరి చెరువు మీద కూడా తెల్లతల గద్ద ఒకటి తిరుగుతుంది. రెండూ ఒకటేనా?
– ఒక విద్యార్థిని, వనపర్తి

జవాబు: సరిగ్గా చూశావు తల్లీ. దానికి బట్టతల లేదు. ఇంగ్లీషులో దాని పేరు బాల్డ్ ఈగిల్. ఆ బాల్డ్ అనే మాటకు పాతకాలంలో తెల్లనిది అనే అర్థం ఉండేది. అది తెలియక ‘బట్టతల’ అని తెలుగు చేశారు. తెల్లతల గద్ద అనడమే సరి. ఆ తెలుపు పుట్టుకతో రాదు. నాలుగైదేళ్లు పెరిగాకే తల, తోక తెల్లబడతాయి. అంతవరకు ఒళ్లంతా ముదురు గోధుమ రంగే. 1782 నుంచి అమెరికా రాజముద్ర మీద ఆ పక్షి బొమ్మే ఉన్నా, చట్టం ప్రకారం జాతీయ పక్షి అయింది మాత్రం 2024 డిసెంబరులో.

మీ చెరువు మీద తిరిగేది గరుడ పక్షి. తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్లు కాల్చిన ఇటుక రంగులో ఉంటుంది. రెక్కలు చాచితే నాలుగు అడుగులు. తెల్లతల గద్ద రెక్కలు ఆరు నుంచి ఏడున్నర అడుగులు. అది ఉత్తర అమెరికాలోనే గూడు కడుతుంది, మన దేశానికి రాదు. దాని దగ్గరి చుట్టాన్ని చూడాలంటే మన సముద్ర తీరానికి వెళ్లాలి. తెల్లపొట్ట సముద్రగద్ద అక్కడ ఉంటుంది.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మా అబ్బాయి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక సరస్సు దగ్గర స్థలం కొన్నాడు. మాఘమాసంలో శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించాం. ఇప్పుడేమో స్థలం చివర ఉన్న పెద్ద చెట్టు మీద తెల్లతల గద్ద గూడు ఉందని, ఆగస్టు చివరి దాకా మట్టి పని, పెద్ద యంత్రాలు వద్దని కట్టేవాళ్లే చేతులెత్తేశారు. సొంత డబ్బుతో కొన్న సొంత స్థలం. ఒక పక్షి కోసం ఇన్ని నెలలు ఆగాలా? పోనీ, పక్షులు ఎగిరిపోయాక ఆ చెట్టు కొట్టించి నిశ్చింతగా ఉండవచ్చా?
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ చెట్టు కొట్టించకూడదు. పక్షులు ఎగిరిపోయాకా కొట్టించకూడదు. ఈ మాట ఈ రోజే ఫోను చేసి అబ్బాయికి చెప్పండి. తెల్లతల గద్దల రక్షణకు అక్కడ 1940లోనే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. అది పక్షిని ఎంత కాపాడుతుందో, గూటినీ అంతే కాపాడుతుంది. అనుమతి లేకుండా గూటిని తీసేసినా, పక్షులు గూడు వదిలేలా చేసినా మొదటిసారికే లక్ష డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు పడవచ్చు. ఖాళీగా ఉన్న గూడు మనకు పుల్లల కుప్పలా కనిపిస్తుంది. ఆ జంట మళ్లీ వచ్చి అదే గూటి మీద కొత్త పుల్లలు పేర్చుకుంటుంది. అలా ఏళ్ల తరబడి పెరిగిన ఒక గూడు ఫ్లోరిడాలో దొరికింది. 1963లో కొలిస్తే లోతు 20 అడుగులు, బరువు రెండు టన్నుల పైమాట.

ఇక ఆగడం సంగతి. అక్కడి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే కేంద్ర సంస్థ 2007లో దూరాల లెక్క ఒకటి రాసి ఇచ్చింది. కట్టే ఇల్లు గూట్లోంచి కనబడేలా ఉంటే 660 అడుగుల దూరం పాటించాలి. మధ్యలో చెట్ల మరుగు ఉంటే 330 అడుగులు చాలు. బండలు పేల్చాలంటే, పక్షులు గూడు కట్టే కాలంలో అరమైలు లోపల పేల్చకూడదు. చుట్టుపక్కల అంతకుముందే ఇళ్లు ఉండి, ఆ పక్షులు వాటికి అలవాటు పడి ఉంటే, ఆ ఇళ్లు ఉన్నంత దగ్గరకు వెళ్లనిస్తారు. అబ్బాయి స్థలంలో ఏ లెక్క వర్తిస్తుందో కట్టేవాళ్లు చెప్పలేరు, ఆ సంస్థే చెప్పాలి. దూరం పాటించే వీలు లేని స్థలాలకు అనుమతి పత్రం తీసుకునే దారి కూడా ఉంది. 2024 నుంచి ఆ పద్ధతిని కొంత సులువు చేశారు. గునపం వేయకముందే అడగాలి, అంతే.

మీరు రాసిన ‘ఒక పక్షి కోసం’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీ కోపం నాకు అర్థమవుతుంది. దూరదేశంలో కొడుకు ఇల్లు, ఇక్కడ మీరు పెట్టించిన ముహూర్తం. కానీ ఆ పక్షి కథ కూడా వినండి. 1963లో లెక్కపెడితే అలాస్కా, హవాయి కాక మిగతా దేశమంతటా గూడు కట్టే జంటలు నాలుగు వందల పైచిలుకే మిగిలాయి. పొలాల మీద, దోమల మీద కొట్టిన డీడీటీ నీళ్లలోకి, నీళ్లలోంచి చేపల్లోకి, చేపల్లోంచి గద్దలోకి చేరింది. గుడ్ల పెంకులు ఎంత పలచబడ్డాయంటే, పొదగడానికి తల్లి కూర్చుంటేనే పగిలిపోయేవి. 1972లో ఆ మందును నిషేధించారు, గూళ్లున్న చెట్లను కాపాడారు, మనుషులు దూరం పాటించారు. 2021లో ఆ సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం 71,400 జంటలు, మొత్తం మూడు లక్షలకు పైగా పక్షులు ఉన్నాయి. ఈ లెక్క చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లకు పైగా అటవీశాఖలో పనిచేసినవాడికి తగ్గిపోయే లెక్కలే తప్ప ఇలా పెరిగే లెక్క చూసే భాగ్యం చాలా అరుదు. అక్కడ చాలామంది ఇల్లు కట్టుకునేవాళ్లు మీ అబ్బాయిలాగే కొన్ని నెలలు ఆగారు. ఆ నెలలన్నీ కలిసి ఈ లెక్క అయ్యాయి.

గుడ్లు పొదగడానికి 35 రోజులు పడుతుంది. పిల్లలు ఎగరడానికి ఇంకో పది పన్నెండు వారాలు. గుడ్ల మీద ఉన్నప్పుడు తల్లి బెదిరి లేచిపోతే ఆ చలికి గుడ్లు చల్లబడతాయి. ఎగరడానికి సిద్ధమవుతున్న పిల్లలు బెదిరితే రెక్కలు రాకుండానే గూట్లోంచి దూకేస్తాయి. కట్టేవాళ్లు ఆగస్టు అన్నది అందుకే. మీ పురోహితుడిని అడిగి కార్తీకంలో ముహూర్తం పెట్టించండి. శంకుస్థాపనకు కార్తీకం మంచి మాసమే, గద్దలు గూటి పని మొదలుపెట్టేది ఆ తర్వాతే. పునాది పని అంతా మళ్లీ జనవరి రాకముందే ముగించుకోమని చెప్పండి. ఇల్లయ్యాక మీరు అక్కడికి వెళ్లినప్పుడు వంటగది కిటికీలోంచి ఆ గూడు కనిపిస్తే నాకు ఒక ఉత్తరం రాయండి.

ప్రశ్న: అయ్యా, మేము ముగ్గురం కలిసి జడ్చర్ల దగ్గర రహదారికి కొంచెం లోపలగా 14 ఎకరాలు కొని వెంచర్ వేస్తున్నాం. నేను రైతు కొడుకునే. అమ్మినవాళ్లలో మా చిన్నాన్న కూడా ఉన్నాడు. చేని నడుమ పాత గట్టు మీద పెద్ద నల్లతుమ్మ ఉంది. 40 అడుగుల రోడ్డు సరిగ్గా దాని మీదుగా గీశారు. సంక్రాంతి అయ్యాక జేసీబీ దిగింది. డ్రైవరు ఆ చెట్టు దగ్గరకు వెళ్లి ఇంజను ఆపి నన్ను పిలిచాడు. పైన గూడు, గూట్లో పెద్ద గద్ద. వీపు బూడిద కలిసిన గోధుమ, పొట్ట తెలుపు మీద మచ్చలు, కళ్లు పసుపుపచ్చ. సాయంత్రం ఇంకొకటి వచ్చింది, దాని నోట్లోంచి పాము తోక వేలాడుతోంది. డ్రైవరు ఆ చెట్టు పడగొట్టనని వెళ్లిపోయాడు. నా భాగస్వాములు వేరే డ్రైవరును పిలుద్దాం అంటున్నారు. ఉగాదికి బ్రోచర్లు ఇవ్వాలి. చట్టం ఏం చెబుతుంది? నన్నేం చేయమంటారు?
– ఒక యువకుడు, జడ్చర్ల మండలం

జవాబు: తమ్ముడూ, ముందు ఆ డ్రైవరు ఎక్కడ ఉన్నాడో కనుక్కొని నా నమస్కారం చెప్పు. ఆ రోజు కూలి పోగొట్టుకొని ఉంటాడు. అది నువ్వు ఇచ్చెయ్యి.

అతను చేసిన పని నేను ఉద్యోగంలో ఉండి చేయలేకపోయాను. 1996 ఎండాకాలం. ఒక రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టాల్సిన చెట్ల జాబితా నా దగ్గరకు వచ్చింది. జాతి, చుట్టుకొలత, నంబరు అన్నీ వరుసలో ఉన్నాయి. జీపు దిగి రెండు చోట్ల నేనే టేపు చుట్టి కొలిచాను కూడా. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కొలవాలని మాకు నేర్పారు. అంతకు పైన ఏముందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. నేనూ తల ఎత్తి చూడలేదు. సంతకం పెట్టాను. నాలుగు రోజుల తర్వాత కూలి ఒకతను గోనెసంచిలో ఏదో తెచ్చి మా ఆఫీసు అరుగు మీద పెట్టాడు. లోపల గద్ద పిల్ల. తెల్లని నూగు, ఒంటికి మించిన తల, పసుపు కళ్లు. మేకమాంసం ముక్కలు కోసి పెట్టాను. నోరు తెరవలేదు. దాని తల్లి పామును మింగి తెస్తుందని, బయట వేలాడే తోకను పిల్ల లాగి లాగి తింటుందని నేను తెలుసుకున్నది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. మూడో రోజు పొద్దున అది అరుగు మీదే చచ్చిపోయి ఉంది. చెట్టు ఉన్న చోట తల్లి రెండు రోజులు గాలిలో నిలబడినట్టు రెక్కలాడిస్తూ కిందికి చూస్తూనే ఉందని వాచర్ చెప్పాడు. ఆ దారిలో బస్సు వెళ్తున్నప్పుడు ఆ మలుపు రాగానే ఇప్పటికీ నేను రెండో పక్కకు తిరిగి కూర్చుంటాను.

నువ్వు చూసింది కూడా అదే పక్షి, పాముల గద్ద. ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. ఒక్కటే. పొదగడానికి నెలన్నర, పిల్ల ఎగరడానికి మళ్లీ రెండు, రెండున్నర నెలలు. సంక్రాంతి తర్వాత తల్లి గూట్లో కదలకుండా కూర్చుందంటే ఇప్పటికే గుడ్డు ఉండవచ్చు. పై అమ్మకు రాసిన జవాబులో చలి గురించి చెప్పాను. మన పాలమూరులో ఎండ భయం. మార్చి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం తల్లి గూటి మీద రెక్కలు చాచి నీడ పడుతుంది. అది బెదిరి లేచి గంటసేపు దూరంగా కూర్చుంటే ఆ ఎండకు గుడ్డూ ఆగదు, పిల్లా ఆగదు. ఎవరూ రాయి వేయనక్కరలేదు, చెట్టు కొట్టనక్కరలేదు. కింద కంప్రెసర్ మోగితే చాలు.

చట్టం అడిగావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకు అర్థం చెప్పినచోట, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదపడం కూడా వేటేనని స్పష్టంగా రాశారు. తుపాకీ పట్టినవాడూ, గూడున్న చెట్టు మీదకు జేసీబీ పంపినవాడూ ఆ చట్టం కళ్లలో ఒకటే. అది రక్షించే పక్షుల్లో పాముల గద్ద కూడా ఉంది. సొంత పట్టా భూమి అన్న మాట అక్కడ చెల్లదు. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అటవీశాఖ అనుమతి వేరే కావాలి. అనుమతి కోసం వెళ్లినప్పుడు పైన గూడు ఉందని నువ్వే చెప్పు. జాబితా చూసే అధికారి తల ఎత్తకపోవచ్చు, నేను ఎత్తలేదు కదా. బీట్ ఆఫీసరును వెంటబెట్టుకొని తీసుకెళ్లి చూపించి, ఫోటోతో సహా రాతపూర్వకంగా ఇవ్వు. అప్పుడు వేరే డ్రైవరును పిలుద్దాం అన్న మాట మీలో ఎవరి నోటా రాదు.

మన చట్టంలో లేనిది దూరం. అమెరికాలోలా గూటికి ఇన్ని అడుగులు అని మన దగ్గర ఎక్కడా రాయలేదు. రాయకపోతే మనం కొలుచుకోకూడదా? కాగితం తీసుకొని నాతోపాటు లెక్క వెయ్యి. చెట్టు నుంచి 330 అడుగుల దూరంలో చుట్టూ గుండ్రంగా గీత గీస్తే దాదాపు 8 ఎకరాలు అవుతుంది. నీ 14లో సగం కంటే ఎక్కువ. ఇది చూపిస్తే నీ భాగస్వాములు కాగితం చింపేస్తారని నాకు తెలుసు. కానీ ఈ 8 ఎకరాలు వదులుకోమనడం లేదు. మే నెలాఖరు దాకా అందులో పని పెట్టుకోవద్దు అంటున్నాను. ఆ గీత బయట మిగిలిన 6 ఎకరాల్లో కొలతలు వేసుకోండి, హద్దురాళ్లు పాతుకోండి. బండలు పేల్చే పని మాత్రం ఆ 14 ఎకరాల్లో ఎక్కడా వద్దు, పక్క చేనులో కూడా వద్దు. అరమైలు అని పైన రాశాను, గుర్తుపెట్టుకో.

శాశ్వతంగా వదలాల్సిన భూమి నువ్వు ఎలాగూ వదలాల్సిందే. లేఅవుట్‌లో పార్కుకు, ఖాళీ జాగాకు 10 శాతం విడిచిపెట్టాలి కదా. 14 ఎకరాలకు అది ఎకరం పదహారు గుంటలు. మన ఊళ్లలో ఆ ముక్క ఎక్కడ వదులుతారో నేను చాలా వెంచర్లలో చూశాను. వాలులోనో, హైటెన్షన్ తీగల కిందనో, ఎవరూ కొనని మూలలోనో. నువ్వు అలా చేయవద్దు. అదే ఎకరం పదహారు గుంటలు ఆ తుమ్మచెట్టు చుట్టూ గుండ్రంగా గీస్తే చెట్టుకు ఏ వైపు చూసినా సుమారు 140 అడుగుల జాగా దొరుకుతుంది. రోడ్డు దాన్ని చుట్టి వంపు తిరుగుతుంది. నక్షా మార్చే ఖర్చు కొంత అవుతుంది. ఇప్పుడు కాగితం మీద అయ్యే ఖర్చే అది, తారు పోశాక అయ్యేది కాదు. ఆ జాగాలో సిమెంటు బల్లలు, కొలనులు వద్దు. ఉన్న గడ్డి, రేగుపొదలు, గట్టు మీది రాళ్లు అలాగే ఉంచండి. ముళ్లతుమ్మకు ముళ్లకంచే చాలు.

బ్రోచరు గురించి ఒక మాట. ఉగాదికి వీడియో తీయడానికి డ్రోన్ ఎగరేస్తారు కదా, దాన్ని ఈసారికి ఆపండి. గూటి పైన ఎగిరే డ్రోన్ ఆ తల్లికి ఇంకో పెద్ద గద్దలా కనిపిస్తుంది. దాని మీదికి లేచి తలపడుతుంది, గుడ్డు ఒంటరిగా మిగులుతుంది. ఆదివారాలు కొనేవాళ్లు కార్లలో వస్తే వాళ్లను చెట్టు దాకా తీసుకెళ్లి చూపించే ఉత్సాహం నీకే కలుగుతుంది. నాకూ కలిగేది. ఈ నాలుగు నెలలు ఆపుకో. పిల్లలు సెల్ఫీలకని చెట్టెక్కకుండా ఒక మనిషిని కాపలా పెట్టు, మీ చిన్నాన్నే నయం. ఆ గట్టు మీద ఆయనకంటే ఎక్కువ కాలం తిరిగినవాళ్లు ఉండరు. అక్కడ ఈ పక్షిని ఎన్నేళ్ల నుంచి చూస్తున్నాడో కూడా అడుగు, నాకు తెలుసుకోవాలని ఉంది.

నీ భాగస్వాములు ‘గద్దను చూసి ప్లాటు కొంటారా’ అంటారు. ఊరి బయట ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లు, వాస్తు అయ్యాక, మొదట అడిగేది ‘ఇక్కడ పాములు ఉన్నాయా’ అనే. రోజూ పాములు పట్టుకొనే జీవిని మీ చేనే పోషిస్తోందని చెప్పండి. పాలమూరు వాళ్లకు చెట్టు విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. పిల్లలమర్రి కొమ్మ విరిగి పడినప్పుడు చూడటానికి వచ్చేవాళ్లను ఆపేసి, 2018లో సెలైను సీసాలు కట్టి చెదల మందు ఎక్కించి బతికించుకున్న జిల్లా మనది.

ఒక సంగతి నీ దగ్గర దాచను. పాముల గద్ద మనుషుల మధ్య బతికే పక్షి కాదు. నల్లగద్దలా సెల్ టవరు మీద గూడు పెట్టుకోదు. ఆ 14 ఎకరాలూ ఇళ్లతో నిండిన రోజున, నువ్వు 140 అడుగులు వదిలినా ఆ జంట అక్కడ ఉండకపోవచ్చు. అయితే జడ్చర్ల చుట్టూ వెంచర్లు ఎలా ఉన్నాయో నీకూ తెలుసు. పదేళ్ల కింద హద్దురాళ్లు పాతిన చోట్ల ఈ రోజుకీ గడ్డే పెరుగుతోంది. ఇళ్లు లేచేదాకా ఏటా ఒక పిల్ల చొప్పున ఆ చెట్టు మీద నుంచి ఎగిరినా అది చిన్న సంగతి కాదు. ఈ ఏడాది పిల్ల మాత్రం పూర్తిగా నీ చేతిలో ఉంది. నలుగురికీ తెలియకుండా అదే చెట్టును రాత్రికి రాత్రి తీసేసే వీలు కూడా నీకు ఉంది, అయినా నాకు ఉత్తరం రాశావు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మార్చి మొదటివారంలో దూరం నుంచి చూడు. తల్లి కూర్చునే తీరు మారి, కాసేపు గూటి అంచు మీద నిలబడి లోపలికి చూస్తుంటే గుడ్డు పిల్ల అయినట్టు. మే చివర గూడు ఖాళీ అయ్యాక మీ నక్షా కాపీ ఒకటి, పిల్ల ఎగిరిన తేదీ నాకు పంపు.